నాలుగు నిమిషాల రసాయనశాల: అనలాగ్ ఫోటో బూత్ కొనుగోలు, సంరక్షణ

నాణెంతో నడిచే ఫోటో బూత్‌కు 2025తో నూరేళ్లు నిండాయి. తెర లాగి, లోపలున్న గుండ్రటి స్టూలు మీద కూర్చుని నాణెం వేస్తే నాలుగుసార్లు ఫ్లాష్ వెలుగుతుంది. మరో నాలుగు నిమిషాలకు బయటి వైపున్న సందులోంచి నాలుగు నలుపు తెలుపు బొమ్మల పట్టీ, తడి ఇంకా ఆరకుండానే చేతికి వస్తుంది. ఆ నాలుగు నిమిషాల్లో పెట్టె లోపల జరిగే పనిని ఒకప్పుడు మన ఊళ్లలో స్టూడియో యజమాని ఎర్ర దీపం వెలుగులో, డార్క్‌రూమ్‌లో గంటల తరబడి చేసేవాడు. నెగెటివ్ కడగడం, ఆరబెట్టడం, ప్రింటు వేయడం, మళ్లీ కడగడం అనే ఇన్ని మెట్ల పనిని మనిషి చెయ్యి పడకుండా ఒక యంత్రం చేసి ఇవ్వడం, యంత్రశాస్త్రమూ రసాయనశాస్త్రమూ కలిసి సాధించిన ఘనవిజయం.

ఇప్పుడు ఈ యంత్రాలు అరుదైపోయాయి. అరుదైనకొద్దీ వాటిని కొనాలనుకునేవారు పెరుగుతున్నారు. అమెరికా, ఐరోపా, ఆస్ట్రేలియా నగరాల్లో కేఫ్‌ల యజమానులు, మ్యూజియంలు, ఫోటోగ్రఫీ అభిమానులు పాత యంత్రాలను వెతికి తెచ్చి బాగుచేయించుకుంటున్నారు. కొనేవారి కళ్లు ముందుగా పైపెట్టె మీద, పాతకాలపు అక్షరాల మీద, తెర మీద పడతాయి. యంత్రం ప్రాణం మాత్రం లోపలి ట్యాంకుల్లో ఉంటుంది. అనలాగ్ ఫోటో బూత్ కొన్నవారు తెలిసినా తెలియకపోయినా ఒక చిన్న రసాయనశాలను నడిపే బాధ్యతను తలకెత్తుకున్నట్టే. ఆ రసాయనశాల ఎలా పనిచేస్తుందో తెలిస్తే ఏం చూసి కొనాలో, ఎలా కాపాడుకోవాలో వాటంతటవే బోధపడతాయి.

బ్రాడ్వే మీద మొదలు

స్వయంచాలక ఫోటో యంత్రం కోసం 19వ శతాబ్దం చివరి నుంచే ప్రయత్నాలు జరిగాయి. 1889 పారిస్ ప్రపంచ ప్రదర్శనలో అటువంటి యంత్రాన్ని జనం చూశారు. అయితే ఆనాటి యంత్రాలు నమ్మకంగా పనిచేయలేదు. ఆ లోటు తీర్చినవాడు సైబీరియాలోని ఓమ్స్క్ నగరంలో పుట్టిన అనటోల్ జోసెఫో. ఐరోపాలో ఫోటోగ్రఫీ నేర్చుకుని, షాంఘైలో స్టూడియో నడిపి, చివరకు అమెరికా చేరాడు. 1925 సెప్టెంబరులో న్యూయార్క్ బ్రాడ్వే మీద ‘ఫోటోమేటన్’ స్టూడియో తెరిచాడు. 25 సెంట్లకు 8 బొమ్మలు, సుమారు 8 నిమిషాల్లో. తొలి ఆరు నెలల్లో 2,80,000 మంది అక్కడ ఫోటోలు దిగారని ఆనాటి లెక్క. 1927లో హెన్రీ మార్గెంథౌ నాయకత్వంలోని బృందం ఆ యంత్రం హక్కులను పది లక్షల డాలర్లకు కొన్నది.

ఈ యంత్రం కళాకారులనూ ఆకట్టుకుంది. 1929లో పారిస్ సర్రియలిస్టులు కళ్లు మూసుకుని దిగిన తమ ఫోటోమేటన్ చిత్రాలను తమ పత్రికలో అచ్చు వేసుకున్నారు. 1963లో ఆండీ వార్హోల్ బూత్ చిత్రాల ఆధారంగా ‘ఎథెల్ స్కల్ 36 టైమ్స్’ రూపొందించాడు. నేడు పాత యంత్రాల మార్కెట్‌లో ఎక్కువగా వినిపించే పేరు లాస్ ఏంజెలెస్‌కు చెందిన ఆటో-ఫోటో కంపెనీది. అది తయారుచేసిన మోడల్ 11, మోడల్ 14, మోడల్ 17 వంటివే ఇప్పటికీ మరమ్మతులు చేయించుకుని నడుస్తున్నాయి.

నెగెటివ్ లేని ఫోటో

మామూలు ఫోటోగ్రఫీలో ముందు నెగెటివ్, తర్వాత దాని నుంచి ప్రింటు. బూత్‌లో నెగెటివ్ ఉండదు. కెమెరా నేరుగా కాగితం మీదే బొమ్మ తీస్తుంది. అందుకే బూత్ పట్టీకి మరో ప్రతి ఉండదు. ప్రతి పట్టీ ఒక్కగానొక్క మూలప్రతి. దీన్ని సాధ్యం చేసే పద్ధతిని రివర్సల్ ప్రక్రియ అంటారు.

కాగితం మీద జెలటిన్ పొరలో సిల్వర్ బ్రోమైడ్ వంటి వెండి లవణాల సూక్ష్మ స్ఫటికాలు పొదిగి ఉంటాయి. ఫ్లాష్ వెలిగినప్పుడు ముఖం మీది వెలుగు భాగాల నుంచి వచ్చిన కాంతి ఆ స్ఫటికాలను తాకి కొన్ని ఎలక్ట్రాన్లను విడిపిస్తుంది. అవి వెండి అయాన్లతో కలిసి స్ఫటికం మీద కొద్దిపాటి వెండి పరమాణువుల గుంపును ఏర్పరుస్తాయి. నాలుగు పరమాణువుల గుంపు ఉన్నా చాలు, ఆ స్ఫటికం డెవలప్ కావడానికి అర్హత పొందినట్టే. కంటికి కనిపించని ఈ మార్పును గుప్త ప్రతిబింబం అంటారు. తర్వాత కాగితం మొదటి డెవలపర్‌లో మునుగుతుంది. హైడ్రోక్వినోన్ వంటి క్షయకరణ పదార్థం ఆ పరమాణువుల గుంపు ఉన్న స్ఫటికాలను మాత్రమే పూర్తిగా వెండిగా మార్చేస్తుంది. చెంచాడు తోడు గిన్నెడు పాలను పెరుగు చేసినట్టు, నాలుగు పరమాణువులు కోట్ల పరమాణువుల స్ఫటికాన్ని మార్చేస్తాయి. ఈ దశలో కాగితం మీద ఉన్నది నెగెటివే: వెలుగు పడినచోట నలుపు, నీడ ఉన్నచోట తెలుపు.

అసలు మలుపు రెండో ట్యాంకులో. అక్కడ ఉండే బ్లీచ్‌లో సంప్రదాయంగా పొటాషియం డైక్రోమేట్, సల్ఫ్యూరిక్ ఆమ్లం ఉంటాయి. ఆమ్లంలో ఒక డైక్రోమేట్ అయాన్ ఆరు వెండి పరమాణువులను ఆక్సీకరించి అయాన్లుగా మార్చి కరిగించేస్తుంది. తాను ఆకుపచ్చని క్రోమియం అయాన్లుగా మారుతుంది. ఇక్కడ గమనించవలసింది, బ్లీచ్ లోహ రూపంలోని వెండినే కరిగిస్తుంది. డెవలప్ కాని సిల్వర్ బ్రోమైడ్ జోలికి పోదు. అంటే నెగెటివ్ మాయమై, దానికి సరిగ్గా వ్యతిరేకమైన బొమ్మ లవణం రూపంలో మిగులుతుంది.

తర్వాత సోడియం సల్ఫైట్ ఉన్న క్లియరింగ్ ద్రావణం కాగితంలో చిక్కుకున్న పసుపు రంగు డైక్రోమేట్‌ను తొలగిస్తుంది. మిగిలిన లవణం మీద తెల్లని దీపం వెలుగు ప్రసరింపజేస్తారు, లేదా రసాయనంతోనే ఆ పని చేయిస్తారు. రెండో డెవలపర్ దాన్నంతా వెండిగా మారుస్తుంది. ఇప్పుడు వెలుగు పడినచోట తెలుపు, నీడ ఉన్నచోట నలుపు. పాజిటివ్ సిద్ధం. కాంతికి స్పందించే లవణం ఇక మిగలదు కాబట్టి సిద్ధాంతరీత్యా హైపో (మిగిలిన లవణాన్ని కరిగించి తీసేసే ద్రావణం) అవసరమే లేదు. మామూలు ప్రింట్లు పాలిపోవడానికి సరిగ్గా కడగకుండా మిగిలిన హైపో ఒక ప్రధాన కారణం. ఇక్కడ ఆ బెడద లేకపోవడం పాత బూత్ పట్టీల మన్నికకు తోడ్పడే అంశం.

పెట్టె లోపల

ఈ రసాయన క్రమాన్ని నడిపేది మోటారు, గేర్లు, క్యామ్‌లు. ఒక మోటారు తిప్పే ఇరుసు మీద రకరకాల ఆకారాల క్యామ్‌లు ఉంటాయి. ఇరుసు తిరిగేకొద్దీ ఒక్కొక్క క్యామ్ తన వంతు వచ్చినప్పుడు ఒక స్విచ్‌ను నొక్కుతుంది: ఫ్లాష్, షట్టర్, కాగితం జరపడం, కత్తిరించడం. కంప్యూటర్ లేని కాలంలో ఇదే ఆ యంత్రానికి ప్రోగ్రాం.

నాలుగు బొమ్మలు తీశాక సుమారు నాలుగు సెంటీమీటర్ల వెడల్పు, ఇరవై సెంటీమీటర్ల పొడవున్న పట్టీని కత్తెర కత్తిరిస్తుంది. పట్టీ ఒక క్లిప్పులో చిక్కుతుంది. ఆ క్లిప్పు ఉన్న చేతిలాంటి భాగాలు చుట్టూ అనేకం ఉన్న చట్రాన్ని ఆ వృత్తిలోనివారు స్పైడర్ అంటారు. స్పైడర్ పైకి లేస్తుంది, ఒక మెట్టు తిరుగుతుంది, కిందికి దిగుతుంది. ప్రతి దింపులో పట్టీ ఒక ట్యాంకులో మునుగుతుంది. ఒక పట్టీ బ్లీచ్‌లో ఉండగానే వెనక మరో పట్టీ డెవలపర్‌లో ఉండగలదు. అందువల్లే ఒకరి ఫోటో బయటికి రాకముందే మరొకరు లోపల కూర్చోవచ్చు.

కెమెరాలో కటకం ముందు ఒక పట్టకం ఉంటుంది. ఫిలింను వెనక వైపు నుంచి చూడవచ్చు కాబట్టి కుడి ఎడమలు సరిచేసుకోవచ్చు. కాగితం అలా కాదు, లేపనం పూసిన వైపు నుంచే చూడాలి. నేరుగా తీస్తే అద్దంలో చూసినట్టు కుడి ఎడమలు తారుమారవుతాయి. పట్టకంలో ఒకసారి పరావర్తనం చెందడం వల్ల ఆ తారుమారు సరవుతుంది. ఇక పాత బూత్ చిత్రాల్లో పెదవులు నల్లగా, ముఖం మీది మచ్చలు స్ఫుటంగా కనిపించడానికి కారణం కాగితమే. దాని లేపనం నీలి, ఆకుపచ్చ కాంతులకు స్పందిస్తుంది. ఎరుపుకు దాదాపు స్పందించదు.

కొనేముందు

మొదటి పరీక్ష: యంత్రం నిజంగా అనలాగేనా? చాలా బూత్‌లలో పాత పెట్టె, తెర, స్టూలు అలాగే ఉంచి లోపలి భాగాలు తీసేసి డిజిటల్ కెమెరా, ప్రింటరు బిగించారు. తలుపు తెరిచి ట్యాంకులు, స్పైడర్, కాగితపు పెట్టె కళ్లారా చూడాలి.

రెండోది సంపూర్ణత. ఈ యంత్రాల విడిభాగాలు కొత్తగా తయారు కావడం లేదు. ఒక గేరు, ఒక క్లిప్పు తక్కువైనా మరో పాత యంత్రం నుంచి తీయాలి లేదా లేత్ మీద చేయించాలి. అందుకే అనుభవజ్ఞులు పైపెట్టె గీతలు పడినా లెక్కచేయరు, లోపలి భాగాలన్నీ ఉన్న యంత్రాన్నే ఎంచుకుంటారు. వైరింగ్ పటం, సర్వీసు పుస్తకం ఉంటే వాటి విలువ వేరే. బ్లీచ్ నుంచి లేచే ఆమ్లపు తేమ ఏళ్ల తరబడి లోహాన్ని తింటుంది కాబట్టి ట్యాంకుల చుట్టూ ఉన్న చట్రం, స్పైడర్ కీళ్లు, స్విచ్చుల కొనలు తుప్పు పట్టాయేమో జాగ్రత్తగా చూడాలి. కటకం, పట్టకం మీద బూజు అల్లికలు ఉన్నాయేమో టార్చి వేసి చూడాలి.

మూడోది పట్టీ. యంత్రం పనిచేస్తుందని అమ్మేవారు అంటే, కొనేవారి కళ్లముందే ఒక పట్టీ తీసి చూపించమని అడగాలి. ఆరేళ్ల క్రితం తీసిన పట్టీ ఈనాటి యంత్రానికి సాక్ష్యం కాదు. పనిచేయని యంత్రాన్ని తక్కువ ధరకు కొనడం తప్పేమీ కాదు. కానీ మరమ్మతు ఖర్చునూ నేర్చుకునే కాలాన్నీ ముందే లెక్కలోకి తీసుకోవాలి. పూర్తిగా బాగుచేసిన యంత్రం ధర పదివేల డాలర్లు దాటడం మామూలే.

నాలుగోది చోటు. యంత్రం బరువు వందల కిలోల్లో ఉంటుంది. తలుపు వెడల్పు, నేల దృఢత్వం, నీటి వసతి, గాలి వెలుతురు ముందే కొలుచుకోవాలి. రసాయనాల ఆవిరి పోవడానికి దారి లేని మూలగదిలో దీన్ని పెట్టకూడదు.

వోల్టేజీతో సరిపోదు

అమెరికాలో తయారైన యంత్రం సుమారు 115 వోల్టులు, 60 హెర్ట్జ్ కరెంటుకు రూపొందింది. భారతదేశంలో, ఐరోపాలో, ఆస్ట్రేలియాలో సరఫరా సుమారు 230 వోల్టులు, 50 హెర్ట్జ్. చాలామంది ఒక ట్రాన్స్‌ఫార్మర్ పెడితే సరిపోతుందనుకుంటారు. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీని మారుస్తుంది గాని పౌనఃపున్యాన్ని మార్చదు. సింక్రోనస్ మోటారు వేగం పౌనఃపున్యాన్నే అనుసరిస్తుంది. అంటే 60 హెర్ట్జ్ మోటారు 50 హెర్ట్జ్ మీద ఆరింట అయిదు వంతుల వేగంతోనే తిరుగుతుంది. నాలుగు నిమిషాల చక్రం 4 నిమిషాల 48 సెకన్లవుతుంది. వాడుకునేవారికి ఆ ఆలస్యం తెలియకపోవచ్చు, రసాయనానికి తెలుస్తుంది: ప్రతి ట్యాంకులోనూ పట్టీ 20 శాతం ఎక్కువసేపు ఉంటుంది. మొదటి డెవలపర్‌లో అదనపు సమయం అంటే పాలిపోయిన బొమ్మ. పైగా అదే వోల్టేజీ మీద పౌనఃపున్యం తగ్గితే మోటారు ఇనుప గుండెలో అయస్కాంత అభివాహం పెరిగి మోటారు వేడెక్కుతుంది. పరిష్కారాలు మూడు: పౌనఃపున్యం మార్చే పరికరం, 50 హెర్ట్జ్‌కు తగిన మోటారు, లేదా గేర్ల నిష్పత్తి మార్పు.

విద్యుత్ విషయంలో ప్రాణానికి సంబంధించిన హెచ్చరిక ఒకటుంది. ఫ్లాష్‌కు శక్తినిచ్చే కెపాసిటర్లు ప్లగ్ తీసేసిన తర్వాత కూడా ఆవేశాన్ని నిలుపుకుంటాయి. ఉదాహరణకు 450 వోల్టులకు చార్జి అయిన 100 మైక్రోఫారడ్ కెపాసిటర్‌లో సుమారు 10 జౌళ్ల శక్తి ఉంటుంది. చేతుల గుండా అది ఒక్కసారిగా ప్రవహిస్తే గుండె లయ తప్పవచ్చు. తగిన నిరోధకం ద్వారా ఆవేశాన్ని దించి, మీటరుతో సరిచూసుకున్నాకే లోపల చెయ్యి పెట్టాలి. దశాబ్దాల నాటి వైర్ల తొడుగులు పెళుసుబారి ఉంటాయి కాబట్టి వైరింగ్ పూర్తిగా మార్పించి, సరైన ఎర్తింగ్ ఇప్పించడం మొదటి ఖర్చు కావాలి.

ద్రావణాల ఆరోగ్యం

ట్యాంకుల్లోని ద్రావణాలు నింపిన రోజున ఉన్నట్టు మర్నాడు ఉండవు. వాటిని మూడు శక్తులు మారుస్తుంటాయి.

మొదటిది వాడకం. ప్రతి పట్టీ డెవలపర్‌లోని క్రియాశీల పదార్థాన్ని కొంత ఖర్చుచేసి, బదులుగా బ్రోమైడ్ అయాన్లను వదులుతుంది. బ్రోమైడ్ పెరిగితే డెవలపింగ్ మందగిస్తుంది. రెండోది గాలి. ఆక్సిజన్ హైడ్రోక్వినోన్‌ను ఆక్సీకరించి ద్రావణాన్ని గోధుమ రంగుకు తిప్పుతుంది. దీన్ని అడ్డుకోవడానికే డెవలపర్‌లో సోడియం సల్ఫైట్ కలుపుతారు. యంత్రం వాడకంలో లేకపోయినా గాలి తన పని తాను చేస్తుంటుంది. అందుకే ఎవరూ వాడని బూత్ రసాయనాలు కూడా పాడవుతాయి. రాత్రిపూట ట్యాంకుల మీద మూతలు వేయడం మంచి అలవాటు. మూడోది కలుషితం. తడి పట్టీ ఒక ట్యాంకులోని ద్రవాన్ని తనతో పక్క ట్యాంకుకు మోసుకుపోతుంది. పట్టీకి రెండు మిల్లీలీటర్లు అనుకున్నా, వంద పట్టీలకు అయిదో వంతు లీటరు. క్షార స్వభావమున్న డెవలపర్ ఆమ్ల స్వభావమున్న బ్లీచ్‌లోకి చేరితే రెండూ చెడతాయి. నడుమ నీటి ట్యాంకులు ఉండేది ఇందుకే. ఆ నీటిని తరచు మార్చడం అతి చవకైన, అతి విలువైన సంరక్షణ.

ఆవిరి వల్ల తగ్గిన మట్టాన్ని స్వేదనజలంతో నింపాలి. కుళాయి నీటిలోని కాల్షియం, క్లోరైడు లవణాలు చెరుపు చేస్తాయి. ముఖ్యంగా క్లోరైడు బ్లీచ్‌లో కరిగిన వెండితో కలిసి తెల్లని సిల్వర్ క్లోరైడ్ అవక్షేపాన్ని ఏర్పరుస్తుంది.

ఉష్ణోగ్రత మరో కీలకాంశం. పది డిగ్రీలు పెరిగితే డెవలపింగ్ వేగం రమారమి రెట్టింపవుతుంది. యంత్రం సమయాలు క్యామ్‌లతో స్థిరపడి ఉన్నాయి కాబట్టి వేడికి తగ్గట్టు సమయాన్ని కుదించే వీలు లేదు. 30 డిగ్రీల సెల్సియస్ దాటితే జెలటిన్ ఉబ్బి మెత్తబడి, క్లిప్పు తగిలినా గీత పడుతుంది. చలి దేశాల్లో ద్రావణాలను వెచ్చగా ఉంచడం సమస్య. విజయవాడ, రామగుండం వంటి చోట్ల మే నెలలో ఈ యంత్రం నడపాలంటే గదిని చల్లగా ఉంచక తప్పదు.

పట్టీ చెప్పే సాక్ష్యం

నిపుణుడైన మెకానిక్ యంత్రాన్ని విప్పకముందు పట్టీని చదువుతాడు. ప్రతి లోపమూ పట్టీ మీద తనదైన గుర్తు వదులుతుంది.

తెలుపు ఉండవలసిన చోట పసుపు మరక ఉంటే క్లియరింగ్ ద్రావణం అలసిపోయింది. పట్టీ పై అంచు దగ్గర బొమ్మ సరిగా రాకపోతే ఏదో ట్యాంకులో మట్టం తగ్గింది. నాలుగింటిలో ఒక్క బొమ్మే చీకటిగా ఉంటే ఆ వంతుకు ఫ్లాష్ పూర్తిగా చార్జి కాలేదు. నిలువునా ఒకేచోట గీత కనిపిస్తుంటే కాగితం దారిలో ఏదో రాసుకుంటోంది. నలుపులు నీరసంగా, గోధుమ ఛాయలో ఉంటే రెండో డెవలపర్ బలహీనపడింది; అలాంటి పట్టీలో లవణం మిగిలిపోయి, వెలుగులో క్రమంగా నల్లబడుతుంది.

పట్టీ మొత్తం చీకటిగా వస్తే దోషం వెలుతురుదా, రసాయనానిదా అని తేల్చడానికి ఒక నమ్మకమైన పద్ధతి ఉంది. గది వెలుతురు బాగా పడిన కాగితపు ముక్కను ట్యాంకుల గుండా పంపాలి. ప్రక్రియ సక్రమంగా ఉంటే అది స్వచ్ఛమైన తెలుపుగా బయటికి రావాలి. బూడిద రంగులో వస్తే మొదటి డెవలపర్ గాని బ్లీచ్ గాని పని చేయడం లేదన్నమాట. అలాగే వెలుతురు అసలు సోకని ముక్కను పంపితే అది గాఢమైన నలుపుగా రావాలి. రాకపోతే రెండో డెవలపర్‌ను అనుమానించాలి, లేదా పెట్టెలోకి ఎక్కడో వెలుతురు చొరబడుతోంది. ఈ రెండు ముక్కలూ సరిగా వచ్చి, మనిషి ఫోటో మాత్రం చీకటిగా వస్తే అప్పుడు ఫ్లాష్ వైపు చూడాలి.

ఇవన్నీ సరిచూశాక మెకానిక్ తానే స్టూలు మీద కూర్చుని ఒక పట్టీ తీసుకుంటాడు. ఆస్ట్రేలియాలోని మెల్బోర్న్‌లో అలన్ ఆడ్లర్ 1970ల తొలినాళ్ల నుంచి దాదాపు అర్ధశతాబ్దం ఫోటో బూత్‌లను నడిపాడు. సర్వీసు చేసిన ప్రతిసారీ తీసుకున్న పరీక్ష పట్టీల వల్ల ఆయన యవ్వనం నుంచి వార్ధక్యం దాకా వేల చిత్రాల్లో నిలిచిపోయాడు. 2001 నాటి ఫ్రెంచి చిత్రం ‘అమెలీ’లో నగరమంతటా బూత్‌ల దగ్గర దొరికే ఒకే వ్యక్తి ఫోటోల రహస్యం కూడా చివరకు ఇదే: అతను మరమ్మతు చేసే మెకానిక్. 2018లో మెల్బోర్న్‌లోని ఫ్లిండర్స్ స్ట్రీట్ రైల్వే స్టేషన్ దగ్గరి ఆడ్లర్ యంత్రాన్ని తీసివేయవలసిన పరిస్థితి వచ్చినప్పుడు నగరవాసులు గళమెత్తి కాపాడుకున్నారు. తర్వాత ఒక యువ జంట ఆయన దగ్గర పని నేర్చుకుని, ‘మెట్రో-ఆటో-ఫోటో’ పేరుతో ఆ యంత్రాల బాధ్యత స్వీకరించింది. ఆడ్లర్ 2024 డిసెంబరులో కన్నుమూశాడు. 2025లో ఆయన పట్టీలతో మెల్బోర్న్‌లో ప్రదర్శన జరిగింది. యంత్రాలతోపాటు విద్య కూడా చేతులు మారింది కాబట్టే అవి ఇంకా నడుస్తున్నాయి.

క్రోమియంతో జాగ్రత్త

ఈ యంత్రాన్ని ప్రేమించేవారు దాచిపెట్టకుండా చెప్పవలసిన విషయం బ్లీచ్. డైక్రోమేట్‌లో ఉండేది హెక్సావలెంట్ క్రోమియం. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ దాన్ని మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి వర్గంలో చేర్చింది. చర్మానికి సోకితే పుండ్లు, అలర్జీ వస్తాయి. ఐరోపా సమాఖ్యలో 2017 సెప్టెంబరు నుంచి ప్రత్యేక అనుమతి లేకుండా పొటాషియం డైక్రోమేట్ వాడకాన్ని నిలిపివేశారు. డెవలపర్‌లోని మెటాల్ కూడా కొందరికి చర్మవ్యాధి తెస్తుంది. చేతులకు నైట్రైల్ తొడుగులు, కళ్లకు అద్దాలు, పొడిని తూచేటప్పుడు తగిన మాస్కు తప్పనిసరి. ఆమ్లాన్ని కలిపేటప్పుడు నీటిలో ఆమ్లం పోయాలి. ఆమ్లంలో నీరు పోయకూడదు.

వాడేసిన బ్లీచ్‌ను కాలువలో పారబోయడం నేరమే కాదు, పాపం కూడా. మన ప్రమాణాల ప్రకారం తాగునీటిలో మొత్తం క్రోమియం లీటరుకు 0.05 మిల్లీగ్రాములు మించకూడదు. ఒక్క గ్రాము క్రోమియం ఇరవై వేల లీటర్ల నీటిని ఆ హద్దుకు చేర్చగలదు. శాస్త్రీయ పద్ధతి ఏమిటంటే, ఆమ్ల స్థితిలో సోడియం మెటాబైసల్ఫైట్‌తో హెక్సావలెంట్ క్రోమియాన్ని తక్కువ హానికరమైన ట్రైవలెంట్ రూపంలోకి క్షయకరించడం, తర్వాత సున్నంతో పీహెచ్‌ను 8, 9 మధ్యకు పెంచి క్రోమియం హైడ్రాక్సైడ్‌గా అవక్షేపించడం. ఈ పని రసాయనశాస్త్రం తెలిసినవారి పర్యవేక్షణలో జరగాలి. మిగిలిన మడ్డిని 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల ప్రకారం అధీకృత కేంద్రానికి అప్పగించాలి. హైదరాబాద్ శివార్లలోని దుండిగల్‌లో, విశాఖపట్నం దగ్గరి పరవాడలో అలాంటి కేంద్రాలున్నాయి.

డైక్రోమేట్‌కు ప్రత్యామ్నాయాలు ఉన్నాయి. పొటాషియం పర్మాంగనేట్ బ్లీచ్‌ను ఫోటోగ్రాఫర్లు చాలాకాలంగా వాడుతున్నారు. అది జెలటిన్‌ను మెత్తబరుస్తుంది, ఎక్కువకాలం నిల్వ ఉండదు. కాబట్టి నాలుగు నిమిషాల యంత్రంలో దాన్ని నిలకడగా నడపడానికి సాధన కావాలి. ఆ సాధన చేయదగినదే. చూసేవారికి ఆనందమిచ్చే యంత్రం చుట్టుపక్కల బావులకు విషం కాకూడదు.

కాగితం దొరుకుతుందా?

కొనేముందు అడగవలసిన చివరి ప్రశ్న, నిజానికి మొదట అడగవలసిన ప్రశ్న కాగితం గురించి. యంత్రం మనదైనా కాగితం మరొకరి చేతిలో ఉంటుంది. బూత్‌లకు కావలసిన ప్రత్యేక కాగితపు చుట్టలను చాలా ఏళ్లు సరఫరా చేసింది రష్యాలోని పెరెస్లావ్ల్-జలెస్కీ పట్టణపు స్లావిచ్ కర్మాగారం. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక ఆ సరఫరాకు అడ్డంకులు ఏర్పడి, ప్రపంచవ్యాప్తంగా బూత్ యజమానులు నిల్వల కోసం వెతుక్కోవలసి వచ్చింది.

ఈ నష్టం ఎలాంటిదో మనకు తెలుసు. ఊటీలోని ప్రభుత్వరంగ సంస్థ హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ ‘ఇందు’ పేరుతో తయారుచేసిన ఫిలింలు, కాగితాలు దేశమంతటా నలుపు తెలుపు స్టూడియోలకు ఆధారంగా ఉండేవి. ఆ కర్మాగారం మూతపడింది. వెండి లవణాల లేపనం పూసే విద్య ఒకసారి ఆగితే తిరిగి మొదలుపెట్టడం చాలా కష్టం. అందుకని యంత్రం కొనే ముందే ఏ వెడల్పు చుట్ట కావాలో, ఎవరు సరఫరా చేస్తారో, ఎన్ని నెలల నిల్వ దొరుకుతుందో రాతపూర్వకంగా తేల్చుకోవాలి. తెచ్చిన చుట్టలను చల్లగా, పొడిగా, చీకట్లో ఉంచాలి. వేడి, తేమ కాగితాన్ని వాడకముందే మసకబరుస్తాయి.

ఎవరు కొనాలి?

పైన చెప్పినదంతా చదివాక అనలాగ్ ఫోటో బూత్ అలంకార వస్తువు కాదని తేటతెల్లమవుతుంది. వారానికి ఒకరోజు ద్రావణాల కోసం కేటాయించగలవారు, రసాయనాల లెక్కను పుస్తకంలో తేదీలవారీగా రాసుకోగలవారు, వ్యర్థాలను చట్టబద్ధంగా వదిలించుకునే ఏర్పాటు చేయగలవారు మాత్రమే దాన్ని కొనాలి. అలాంటి తీరిక, ఓపిక లేనివారు పనిచేసే స్థితిలో ఉన్న యంత్రాన్ని కొని పాడుచేయడం కంటే, దాన్ని నడపగలవారికి స్థలం అద్దెకివ్వడం ఉత్తమం.

కళాశాలలకు, విజ్ఞాన కేంద్రాలకు నా విన్నపం ఒక్కటి. కాంతి రసాయనశాస్త్రం, ఆక్సీకరణ క్షయకరణ చర్యలు, దృశాశాస్త్రం, విద్యుత్తు, యంత్ర నియంత్రణ, వ్యర్థాల శుద్ధి ఇన్నింటిని ఒకే పెట్టెలో చూపగల బోధనా పరికరం మరొకటి దొరకడం కష్టం. యంత్రం కొనే స్తోమత లేకపోయినా రివర్సల్ ప్రక్రియను ప్రయోగశాలలో ట్రేలతో, అధ్యాపకుల పర్యవేక్షణలో, పర్మాంగనేట్ బ్లీచ్‌తో చేసి చూపించవచ్చు. డార్క్‌రూమ్ పని తెలిసిన పాత స్టూడియో యజమానులు మన పట్టణాల్లో ఇంకా ఉన్నారు. వారిని పిలిచి, విద్యార్థుల ఎదుట ఆ పని చేయించండి. చేసేటప్పుడే కొలతలు, సమయాలు, ఉష్ణోగ్రతలు రాసి పెట్టుకోండి. యంత్రాలను డబ్బుతో కొనవచ్చు. వాటిని నడిపే విద్యను తెలిసినవారు ఉండగానే నేర్చుకోవాలి.